ఊరు కొత్త, భాష కొత్త.. వేలమందిని కలుపుకున్న శంకర్ గుహా నియోగి

1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజాము. భిలాయ్‌లోని హడ్కో కాలనీలో ఓ అద్దె ఇల్లు. కిటికీ తెరిచి ఉంది. లోపల నిద్రపోతున్న మనిషిని ఆ కిటికీలోంచే తుపాకీతో కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు. పేరు శంకర్ గుహా నియోగి.

ఆయన మృతదేహాన్ని దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజ్‌హరా ఇనుప గనుల దగ్గరికి తీసుకెళ్లారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా కప్పిన ఆ దేహం వెంట వేలమంది గని కార్మికులు, రైతులు నడిచారు. ఆయన వారి కులం వాడు కాదు, వారి ఊరివాడు కాదు. వారి భాష కూడా ఆయన పుట్టి పెరిగిన భాష కాదు.

అంతకు మూడు దశాబ్దాల ముందు ఉక్కు ఫ్యాక్టరీలో పని కోసం భిలాయ్‌లో దిగిన బెంగాలీ కుర్రాడు ఆయన. చేతిలో పెద్ద డిగ్రీ లేదు. వెనక పలుకుబడి ఉన్న కుటుంబం లేదు. అలాంటి మనిషి ఇంతమందికి సొంతవాడు ఎలా అయ్యాడు?

ఈ ప్రశ్న ఇప్పటి యువతకు కూడా పనికొస్తుంది. భిలాయ్ ఈ రోజు ఐఐటీ కోచింగ్‌కు, ఇంజినీరింగ్ చదువులకు పేరున్న ఊరు. ఐఐటీ భిలాయ్ కూడా 2016లో మొదలైంది. హైదరాబాద్ అమీర్‌పేటలో ఉన్నట్టే నలుగురిలో బెరుకు లేకుండా మాట్లాడటం, పనికొచ్చే పరిచయాలు పెంచుకోవడం ఇప్పుడు ఎక్కడైనా ఫీజు కట్టి నేర్చుకునే విద్యలు. ఎవరితో చేయి కలపాలి, ఎలా నవ్వాలి, లింక్డ్‌ఇన్‌లో ఏం రాయాలి అని అక్కడ నేర్పుతారు. నియోగి జీవితం చూస్తే ఆ విద్య ఇంకో దారిలోనూ వస్తుందని తెలుస్తుంది. ఆ దారి నెమ్మదైనది. దానికి ఆయన చెల్లించిన ధర కూడా చాలా పెద్దది.

దేశమంతా ఒకే ఊళ్లో, ఎవరి గూడు వారిదే

నియోగి వచ్చేనాటికి భిలాయ్ కొత్త ఊరు. ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటివరకు వరి పొలాలుగా ఉన్న నేల మీద సెక్టార్లు, క్వార్టర్లు, వెడల్పాటి రోడ్లు వెలిశాయి. విశాఖలో ఉక్కునగరం చూసినవారికి ఆ నమూనా కొత్తగా అనిపించదు.

పని కోసం దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, ఒడియాలు, బిహారీలు, తెలుగువారు. అందుకే భిలాయ్‌ని మినీ ఇండియా అంటారు. తెలుగువారు ఎంతగా స్థిరపడ్డారో సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం చూస్తే అర్థమవుతుంది.

కొత్త ఊళ్లో అడుగుపెట్టినవాడు ముందుగా తన భాష వినిపించే వైపు నడుస్తాడు. అందులో తప్పు లేదు. ఊరివాడు ఒకడు ముందు వచ్చి ఉంటే గది దొరుకుతుంది, అప్పు దొరుకుతుంది, గేటు దగ్గర ఓ మాటసాయం దొరుకుతుంది. దుబాయ్ వెళ్లినా, డాలస్ వెళ్లినా తెలుగువాళ్లం చేసేది ఇదే. కొత్తవాడి బెరుకు పోగొట్టడంలో భాషా సంఘాలు, పండుగ కమిటీలు చేసే మేలు చిన్నది కాదు.

కానీ ఈ గూళ్ల మధ్య చోటు దొరకని జనం ఒకరు ఉన్నారు. వాళ్లు స్థానిక ఛత్తీస్‌గఢీలు. ఫ్యాక్టరీ వచ్చింది వాళ్ల నేల మీద. ఫ్యాక్టరీకి కావాల్సిన ఇనుప ఖనిజం తవ్వింది వాళ్ల కొండల్లో. పర్మినెంట్ ఉద్యోగాలు, క్వార్టర్లు మాత్రం ఎక్కువగా బయటి నుంచి వచ్చిన, చదువుకున్నవారికి దక్కాయి. స్థానికుల్లో చాలామందికి మిగిలింది కాంట్రాక్టర్ల కింద రోజు కూలి. సెక్టార్‌లో ఉండేవారికి వాళ్లు పనివాళ్లుగా తప్ప పరిచయస్తులుగా కనిపించేవారు కాదు.

నియోగి తన గూటిలో ఉండిపోలేదు. ఈ చివరి వరుసలోని జనం వైపు నడిచారు.

కోక్ ఓవెన్ నుంచి గేటు బయటికి

ఆయన 1943 ఫిబ్రవరి 14న పుట్టారు. అసలు పేరు ధీరేశ్. బాల్యం అస్సాంలో, చదువు కొంత ఉత్తర బెంగాల్‌లోని జల్పాయ్‌గురిలో సాగింది. విద్యార్థిగా ఉన్నప్పుడే వామపక్ష రాజకీయాలు పరిచయమయ్యాయి. 1960ల మొదట్లో భిలాయ్ చేరి శిక్షణ పూర్తిచేసుకుని ఉక్కు కర్మాగారంలోని కోక్ ఓవెన్ విభాగంలో పనికి కుదిరారు.

బొగ్గును గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చి కోక్‌గా మార్చే విభాగం అది. పొగ, వేడి, దుమ్ము. ఫ్యాక్టరీలో కష్టమైన చోట్లలో ఒకటి. ఆయన ఒకపక్క అక్కడ పనిచేస్తూనే మరోపక్క దుర్గ్‌లోని సైన్స్ కాలేజీలో చదువుకున్నారు.

తోటి కార్మికులతో ఆయన బంధం షాప్ ఫ్లోర్ మీద మొదలైంది. చిన్న చిన్న సమస్యలు రాసిపెట్టడం, అధికారి దగ్గరికి నలుగురిని తీసుకుని వెళ్లడం, తరువాత బ్లాస్ట్ ఫర్నేస్ కార్మికుల కమిటీలో బాధ్యత. అప్పటికి పేరున్న యూనియన్లు ఉన్నా, వాటికి పట్టని విషయాలను ఈయన పట్టించుకునేవారు. అలా కార్మికుల్లో నమ్మకం వచ్చింది. యాజమాన్యం దృష్టిలో కూడా పడ్డారు.

1967లో నక్సల్బరీ దేశాన్ని కుదిపేసింది. మన శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం రగులుతున్న రోజులవి. నియోగి కూడా ఆ ప్రభావంలోకి వచ్చారు. అయితే ప్రజల్ని పెద్ద సంఖ్యలో బహిరంగంగా కూడగట్టే పనిని పక్కనపెట్టడం ఆయనకు నచ్చలేదు. అటు పార్టీకీ దూరమయ్యారు, ఇటు ఉద్యోగమూ పోయింది. 1960లు ముగిసేసరికి ఆయన చేతిలో ఉద్యోగం లేదు, పార్టీ లేదు. పోలీసుల నిఘా మాత్రం ఉంది.

చేపల గంపతో ఊళ్లోకి

ఈ దశలో చాలామంది సొంత ఊరికి తిరిగి వెళ్లిపోతారు. నియోగి మాత్రం ఛత్తీస్‌గఢ్ పల్లెల్లోకి వెళ్లిపోయారు. ధీరేశ్ అన్న పేరు వదిలేసి శంకర్ అయ్యారు. కొన్నాళ్లు చేపలు అమ్మారు. కొన్నాళ్లు మేకల బేరం చేశారు. పొలాల్లో కూలికి వెళ్లారు. తరువాత దానీటోలా అనే చోట క్వార్ట్‌జైట్ రాళ్ల గనిలో కూలీగా చేరారు.

ఇది మొదట దాక్కోవడం కోసం మొదలైన జీవితం. కానీ అదే ఆయనకు అసలు చదువు అయింది. చేపలమ్మేవాడు ప్రతి ఇంటి గడప దగ్గరా ఆగాలి. బేరమాడాలి. ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి పొలం ఎవరి దగ్గర తాకట్టులో ఉందో అతని చెవిన పడుతూనే ఉంటుంది. ఆయన ఛత్తీస్‌గఢీ మాట్లాడటం నేర్చుకున్నారు. పుస్తకంలో చదివి కాదు, పల్లె సంతలో, రాళ్లు కొట్టే చోట.

భాష రావడం అంటే మాటలు రావడం ఒక్కటే అనుకుంటాం. నాలుగు భాషల్లో వార్తలు సేకరించే మా వృత్తిలో ఒక సంగతి త్వరగానే అర్థమవుతుంది. అవతలి మనిషి భాషలో మనం తడబడుతూ మాట్లాడితే, అతను మనకు నేర్పే స్థానంలోకి వస్తాడు. అతని బెరుకు పోతుంది. మన భాషలో అతన్ని మాట్లాడమంటే ఆ బెరుకు రెట్టింపవుతుంది. నియోగి ఛత్తీస్‌గఢీల దగ్గర ఎన్నో ఏళ్లు నేర్చుకునేవాడిగానే ఉన్నారు.

దానీటోలాలోనే తనలాగే గనిలో పనిచేసే ఆశను పెళ్లి చేసుకున్నారు. వాళ్లకు ముగ్గురు పిల్లలు. కార్మికుల బస్తీలోనే కాపురం. దానీటోలా కూలీలకు యూనియన్ కట్టి, వారి తరఫున మాట్లాడటం మొదలుపెట్టారు. 1975లో ఎమర్జెన్సీ రాగానే మీసా చట్టం కింద అరెస్టయ్యారు. ఏడాదికి పైగా జైల్లో గడిపారు.

ఆయన వెళ్లలేదు, వాళ్లే వచ్చారు

భిలాయ్ ఫర్నేస్‌లకు ఇనుప ఖనిజం వచ్చేది దల్లీ రాజ్‌హరా కొండల నుంచి. అక్కడ వేలమంది ఆడా మగా కాంట్రాక్టర్ల కింద పనిచేసేవారు. గడ్డపారతో తవ్వడం, సుత్తితో పగలగొట్టడం, తట్టలతో లారీలకు ఎత్తడం అంతా చేతిపనే. రోజుకు మూడు నాలుగు రూపాయల కూలి. చీకటితో మొదలై చీకటి పడ్డాక ముగిసే పని.

1977లో బోనస్ దగ్గర నిప్పు రాజుకుంది. పర్మినెంట్ కార్మికులకు 308 రూపాయలు, అదే ఖనిజం తవ్వే కాంట్రాక్టు కార్మికులకు 70 రూపాయలు అని యూనియన్లు ఒప్పందం చేసుకున్నాయి. కాంట్రాక్టు కార్మికులు ఆ యూనియన్లలోంచి మూకుమ్మడిగా బయటికి వచ్చేశారు. కోపం ఉంది, సంఖ్య ఉంది. అధికారుల ముందు కూర్చుని మాట్లాడగల మనిషి లేడు.

అప్పుడు వాళ్లకు దానీటోలా గుర్తొచ్చింది. అక్కడ కూలీల కోసం నిజాయతీగా నిలబడిన ఒకాయన ఉన్నాడని, జైలుకెళ్లి వచ్చాడని విన్నారు. కొందరు వెళ్లి ఆయన్ని రమ్మని అడిగారు. నియోగి వచ్చారు. అలా ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్ పుట్టింది.

పరిచయాల గురించి ఈ ఘట్టం చెప్పేది గట్టి మాట. దల్లీ రాజ్‌హరాలో నాయకుడు కావాలని ఆయన ఎవరినీ ఆశ్రయించలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి ఎవరికీ కనపడని చోట చేసిన పని ఆయన కన్నా ముందే అక్కడికి చేరింది. చేపల గంప మోసిన రోజుల్లో, రాళ్లు కొట్టిన రోజుల్లో కలిసిన మనుషులే ఆయన గురించి చెప్పారు.

కొత్త సంఘానికి పరీక్ష కొద్ది నెలల్లోనే వచ్చింది. కార్మికులు పని లేని రోజులకు కూలి, గుడిసెల మరమ్మతుకు భత్యం అడిగారు. ఒప్పందం కుదిరినట్టే కుదిరి అమలు కాలేదు. సమ్మె మొదలైంది. 1977 జూన్ 2 రాత్రి పోలీసులు వచ్చి నియోగిని తీసుకెళ్లారు. కార్మికులు, వాళ్లలో చాలామంది మహిళలు, మిగిలిన పోలీసులను చుట్టుముట్టి ఆయన్ని వదిలితేనే దారి ఇస్తామన్నారు. ఆ రాత్రి, మర్నాడు జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వారిలో అనసూయాబాయి అనే మహిళ, ఓ బాలుడు కూడా ఉన్నారు.

నాయకుడు జైల్లో ఉన్నాడు, పదకొండు మంది శవాలు కళ్ల ముందున్నాయి. అయినా సమ్మె ఆగలేదు. చివరికి డిమాండ్లు ఒప్పుకోక తప్పలేదు. సంఘం ఒక్క మనిషి మీద నిలబడలేదని ఆ రోజుల్లోనే తేలింది.

బల్లకు ఇటువైపు కూర్చోవడం

అంతకుముందు కాంట్రాక్టు కూలీ ఆఫీసులోకి వెళ్తే నిలబడే ఉండేవాడు. చేతులు కట్టుకుని, తల వంచుకుని. అధికారి హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఏదో అంటే అర్థమైనట్టు తలూపి బయటికి వచ్చేవాడు. ఆడవాళ్లయితే గుమ్మం కూడా తొక్కేవారు కాదు.

నియోగి సంఘం ఈ అలవాటును మెల్లగా మార్చింది. గనిలో ఒక్కో జట్టుకు, బస్తీలో ఒక్కో వీధికి ఒక ముఖియా ఉండేవారు. ముఖ్యమైన విషయం ఏదైనా ముఖియాల సమావేశంలో చర్చకు వచ్చేది. అక్కడి మాట వీధికి చేరేది, వీధి మాట మళ్లీ సమావేశానికి వచ్చేది. తెలిసిన పదిమంది ముందు మాట్లాడటం నేర్చుకున్నవాడు, తరువాత యాభై మంది ముందు మాట్లాడగలడు. ఆ తరువాత అధికారి ముందు మాట్లాడటం పెద్ద కష్టం కాదు. ఎందుకంటే తాను చెప్పేది తన ఒక్కడి మాట కాదని అతనికి తెలుసు.

ఇది యంత్రాల చర్చలో బాగా బయటపడింది. గనుల్లో పూర్తిగా యంత్రాలు ప్రవేశపెట్టాలని భిలాయ్ స్టీల్ యాజమాన్యం అనుకుంది. అదే జరిగితే వేలమంది పని పోతుంది. యంత్రాలు వద్దు అని నినాదం ఇవ్వడం తేలిక. సంఘం అలా చేయలేదు. ఏ పని చేతులతో చేస్తే ఎంత ఖర్చవుతుంది, ఏ పనికి యంత్రం నిజంగా కావాలి అని లెక్కలు వేసి, సగం యంత్రాలు, సగం మనుషులు ఉండే ప్రత్యామ్నాయ పథకాన్ని ముందుపెట్టింది. బడికి వెళ్లని కార్మికులు ఇంజినీర్లతో ఆ లెక్కల మీద వాదించారు. గని గురించి తమకు తెలిసింది కూడా ఒక జ్ఞానమే అన్న నమ్మకం అక్కడ వచ్చింది. చాలా ఏళ్లపాటు ఆ గనుల్లో పూర్తి యాంత్రీకరణ ఆగింది.

కూలి పెరిగింది. పెరిగిన డబ్బు సారా దుకాణానికి వెళ్లడం మొదలైంది. ఈ సంగతి మొదట ఎత్తింది మహిళలే. సంఘం సారా మానే ఉద్యమం చేపట్టింది. తాగినవారికి బస్తీ సభలోనే జరిమానా. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల పోరాటం మన రాష్ట్రాన్ని కదిలించడానికి దాదాపు పదేళ్ల ముందే దల్లీ రాజ్‌హరాలో వేలమంది తాగుడు మానేశారు. సారా వ్యాపారులకు నియోగి శత్రువయ్యారు.

పోగొట్టుకున్న గౌరవాన్ని తిరిగి ఇవ్వడంలో చరిత్రకు కూడా పాత్ర ఉంటుందని ఆయన గుర్తించారు. 1856 కరవులో వ్యాపారి కొట్టంలోని ధాన్యాన్ని తీసి ఆకలితో ఉన్నవారికి పంచి, 1857లో రాయ్‌పూర్‌లో ఉరికంబం ఎక్కిన సోనాఖాన్ వీర్ నారాయణ్ సింగ్‌ను అప్పటికి చాలామంది మరిచిపోయారు. 1979 నుంచి సంఘం ఏటా డిసెంబర్‌లో ఆయన సంస్మరణ జరపడం మొదలుపెట్టింది. నవా అంజోర్ అనే కళాబృందం ఛత్తీస్‌గఢీలో పాటలు, నాటకాలు ఊరూరా తీసుకెళ్లింది. తమ భాషలో వేదిక మీద పాట వినడం, తమ నేల మీద ఒక వీరుడు ఉన్నాడని తెలియడం మనిషి నడకనే మారుస్తుంది.

ఆస్పత్రి కట్టిన చేతులు

కుసుమ్‌బాయి అనే కార్మిక నాయకురాలు ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక చనిపోయారు. ఆ దుఃఖంలోంచి తమకంటూ ఒక ఆస్పత్రి ఉండాలన్న ఆలోచన వచ్చింది. 1982లో చిన్న డిస్పెన్సరీ పెట్టారు. కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో భవనం కట్టారు. 1977 కాల్పుల్లో చనిపోయిన వారి జ్ఞాపకంగా 1983 జూన్ 3న షహీద్ ఆస్పత్రి మొదలైంది. ప్రారంభించింది మంత్రి కాదు. ఒక సీనియర్ గని కార్మికుడు, ఒక ఆదివాసీ రైతు.

ఇక్కడ నియోగి సంబంధాల తీరులో ఇంకో కోణం కనిపిస్తుంది. బినాయక్ సేన్, ఆశిష్ కుండూ, శైబాల్ జానా లాంటి చదువుకున్న వైద్యులు బయటి నుంచి వచ్చి ఆ ఆస్పత్రిలో పనిచేశారు. తరువాత సుధా భరద్వాజ్ కూడా ఇదే ఉద్యమంలోకి వచ్చారు. బయటి నుంచి వచ్చినవారిని ఆయన వేదిక మీద కూర్చోబెట్టి దండ వేసి పంపలేదు. పని అప్పగించారు. ఆ పనిని కార్మికుల కుటుంబాలకు నేర్పమన్నారు. గని కూలీల ఇళ్ల నుంచి వచ్చినవారు ఆరోగ్య కార్యకర్తలై ఇంజెక్షన్ ఇవ్వడం, కట్టు కట్టడం, విరేచనాలకు ఉప్పు చక్కెర నీళ్లు ఎలా కలపాలో ఇంటింటికీ చెప్పడం నేర్చుకున్నారు. డాక్టర్‌తో మాట్లాడటానికి భయపడిన ఇంట్లోంచే డాక్టర్ పక్కన నిలబడి పనిచేసేవారు వచ్చారు.

సంఘర్షణ, నిర్మాణం రెండూ కలిసి సాగాలన్నది ఆయన సిద్ధాంతం. అందుకే సంఘానికి బడులు, ఆటలు, ఆరోగ్యం, సంస్కృతి, మహిళల విభాగం అన్నీ ఉండేవి. కార్మికుడి ఎనిమిది గంటల పనితోపాటు మిగిలిన పదహారు గంటలు కూడా యూనియన్ విషయమే అని ఆయన అనుకున్నారు. రైతులను కలుపుకుని ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా ఏర్పడింది. జెండాలో ఎరుపు కార్మికుడిది, ఆకుపచ్చ రైతుది. 1985లో మోర్చా నుంచి జనక్‌లాల్ ఠాకూర్ అనే గని కార్మికుడు అప్పటి మధ్యప్రదేశ్ అసెంబ్లీకి ఎన్నికయ్యారు.

మళ్లీ భిలాయ్‌కి

ఉద్యోగం పోగొట్టుకుని భిలాయ్ వదిలిన ఇరవై ఏళ్లకు, 1990లో, నియోగి మళ్లీ అక్కడికే వచ్చారు. ఈసారి ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ప్రైవేటు పరిశ్రమల కార్మికుల కోసం. అక్కడా అదే కథ. ఏళ్ల తరబడి పనిచేసినా కాంట్రాక్టు కూలీలుగానే ఉన్నారు. బతకడానికి సరిపోయే వేతనం, పర్మినెంట్ ఉద్యోగం, సంఘం పెట్టుకునే హక్కు.. వాళ్లు అడిగినవి చట్టంలో ఉన్నవే.

ఈ పోరాటం గనుల్లో చేసినదానికన్నా కష్టమైంది. గనుల్లో ఒకే బస్తీ, ఒకే భాష. ఇక్కడ ఒక్కో ఫ్యాక్టరీలో ఒక్కో ప్రాంతం వారు. ఎవరికి వారు తమ గూటిలో ఉన్నవారు. యూనియన్‌లో చేరినవారిని వేల సంఖ్యలో పనిలోంచి తీసేశారు. కార్మికులపై దాడులు జరిగాయి. 1991 ఫిబ్రవరిలో పాత కేసుల పేరుతో నియోగిని అరెస్టు చేశారు. రెండు నెలల తరువాత బెయిల్ వచ్చింది. ఆయన్ని జిల్లా నుంచి బహిష్కరించే ప్రయత్నమూ జరిగింది.

ఆ సెప్టెంబర్‌లో కార్మికులను వెంటబెట్టుకుని ఆయన ఢిల్లీ వెళ్లారు. వేలాది సంతకాలతో రాష్ట్రపతి ఆర్.వెంకట్రామన్‌కు వినతిపత్రం ఇచ్చారు. తనకు ప్రాణహాని ఉందని ఆయనకు తెలుసు. ఆ సంగతి చెబుతూ తన గొంతును టేపులో రికార్డు చేసి పెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన కొద్ది రోజులకే హడ్కో ఇంట్లో హత్య జరిగింది.

1997లో సెషన్స్ కోర్టు కాల్పులు జరిపిన వ్యక్తికి మరణశిక్ష, పారిశ్రామికవేత్తలు సహా మరికొందరికి యావజ్జీవం వేసింది. 1998లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005లో సుప్రీంకోర్టు కాల్చిన వ్యక్తి ఒక్కడికే యావజ్జీవం ఖరారు చేసి, మిగిలినవారి విడుదలను సమర్థించింది. చంపించిందెవరన్న ప్రశ్నకు న్యాయస్థానంలో జవాబు దొరకలేదు.

హత్య తరువాత కూడా కార్మికులు వెనక్కి తగ్గలేదు. 1992 జూలై 1న భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్నవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది కార్మికులు చనిపోయారు.

మిగిలింది ఏమిటి?

నియోగిని సాధువుగా చూపించాల్సిన పని లేదు. ముఖియాల పద్ధతి ఉన్నా, బయటి ప్రపంచంతో సంబంధాల్లో చాలా దారాలు ఆయన ఒక్కడి చేతిలోనే ఉండేవి. ఢిల్లీలో ఎవరిని కలవాలి, ఏ లాయరును పిలవాలి, ఏ విలేకరికి చెప్పాలి అన్నది ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆయన పోయాక ఆ లోటు తెలిసింది. విభేదాలు వచ్చాయి, మోర్చా చీలింది. పరిచయాలన్నీ ఒక్క మనిషి దగ్గర పోగుపడితే, ఆ మనిషితోపాటే అవి పోతాయన్న పాఠం కూడా ఈ జీవితంలోనే ఉంది.

అయినా నిలిచినవి ఉన్నాయి. అవి ఆయన ఇతరుల చేతికి ఇచ్చేసిన పనులు. షహీద్ ఆస్పత్రి ఇప్పటికీ దల్లీ రాజ్‌హరాలో నడుస్తోంది. అక్కడ పనిచేసిన వైద్యులు దేశంలో వేరే చోట్లకు వెళ్లి పేదల వైద్యం కోసం పనిచేశారు.

భిలాయ్ ఈ రోజు కూడా కొత్తవాళ్లు దిగే ఊరే. విజయనగరం నుంచో, పలాస నుంచో రైలెక్కి వచ్చే కాంట్రాక్టు కుర్రాడు, ఐఐటీలో చేరిన హైదరాబాద్ విద్యార్థి ఒకే స్టేషన్‌లో దిగుతారు. ఇద్దరికీ బెరుకే. ఇద్దరూ ముందు తెలుగు వినిపించే చోటు వెతుక్కుంటారు, వెతుక్కోవాలి కూడా. ఆ తరువాతి అడుగు ఎటు అన్నదే ప్రశ్న. మనకన్నా పైనున్నవారి పరిచయం కోసం చేసే ప్రయత్నంలో పదోవంతు, మనకు ఏ ఉపయోగమూ లేదనుకునే మనిషితో అతని భాషలో నాలుగు మాటలు మాట్లాడటానికి పెడితే ఏమవుతుందో నియోగి బతుకు చూపించింది. దల్లీ రాజ్‌హరా కార్మికులు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది అలా మాట్లాడిన మాటల వల్లే.